రాని అక్షరాలు

కార్డు కోసం పేర్లు రాసుకునే పిల్ల
ఫారంలో ఒక గడి దగ్గర ఆగి అడిగింది:
"మీరు గర్వపడే పని ఏదన్నా ఉందా పెద్దయ్యా?"
గడి చూస్తే అగ్గిపెట్టెంత.
నలభై ఏండ్లు గోడల్ని కంటితోనే కొలిచినోణ్ని,
రెండు వరసలు పడతాయి, అంతకు మించి పట్టదు.
"మద్దిలేటి, పెయింటరు" అని రాసుకోమన్నా.

ఆ పిల్ల పోయినాక
టర్పెంటైను వాసన పోయిన చేతుల్ని
ఒళ్లో పెట్టుకుని కూచున్నా.

నాలుగో తరగతి ఎండాకాలం సెలవుల్లో
నాయన నన్ను కర్నూలు తెచ్చి, పాతబస్తీలో
కాసింవలీ సాబు కొట్లో వదిలిపెట్టినాడు.
సెలవులైపోయినాయి.
తీసకపోను ఎవురూ రాలేదు.

ఆర్నెల్లు బ్రష్షు ముట్టనీలేదు సాబు.
సుద్ద పూసిన దారానికి ఈ కొస నేను, ఆ కొస ఆయన,
నడుమ ఫట్‌మని ఒక్క దెబ్బ.
గాలి లేని పొద్దు తుంగభద్ర నీళ్లలాగా
గోడ మీద సమంగా తెల్లటి గీత.
"గీత తప్పితే అక్షరం తాగుబోతయితది బేటా."

చానా రోజులకు తెలిసింది,
సాబుకు తెలుగు చదవను రాదని.
కిరాణా కొట్టు, పండ్ల డాక్టరు,
ఉల్లిగడ్డల మండీ, లారీ ఆఫీసు,
ఊళ్లో సగం బోర్డులు ఆయన చేతివే,
ఒక్కటీ చదవలేడు.
కాగితం మీద రాసిచ్చింది చూసి
బొమ్మను దించినట్టు దించేవాడు.
'ళ' ఆయనకు పండుకున్న ఆవు.
కొమ్ము, పిల్లి తోక.
'జ్ఞ' వస్తే మాత్రం బీడీ ముట్టించుకుని
కాసేపు దానితో మాట్లాడేవాడు.

నాకు చదవను వచ్చు, గీయను రాదు.
ఆయనకు గీయను వచ్చు.
ఇద్దరం కలిస్తే ఒక పెయింటరు.

నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుంటా,
"చదువు" అనేవాడు.
చదివేవాణ్ని.
"ఇంగోసారి చదువు."
వచ్చీపోయేవాళ్లు నవ్వుతాంటే
ఈయనకిదేం పిచ్చి అని సిగ్గుపడేవాణ్ని.

ఒకసారి పాలకేంద్రంలో సున్న మింగేసినాం.
షావుకారి అయిదు రూపాయలు కోసినాడు.
నన్ను ఒక్క మాట అనలేదు సాబు.
ఆ పొద్దు అన్నం తినలేదు.

తర్వాత నా చెయ్యి నాకొచ్చింది.
మా యమ్మ వేలిముద్ర మనిషి, సిటీ బస్సు కిటికీలోనుంచి
"ఆ తోక నీదే గదరా" అని చూపించేది,
ఒక్కసారీ తప్పలేదు.
వరదొచ్చిన ఏడు, బజారు బజారంతా బురద కడుగుతాంటే
ఒక షట్టరు మీద నా 'శ్రీ' చెదరకుండా బయటపడింది.
కొట్టు యజమాని దానికి దండం పెట్టుకున్నాడు.
నాకు పెట్టినట్టే అనుకున్నా, అబద్ధమెందుకు.

అంతలో ఫ్లెక్సీలొచ్చినాయి.
ఒక రాత్రిలో అచ్చయ్యే మొగాలు,
ఒక గాలికి చినిగే మొగాలు.
బ్రష్షులు గోనెసంచిలోకి పోయినాయి.

సాబు పోయిన నలభయ్యో రోజు
కూతురు షమీమ్ బేతంచెర్ల రాయి ఒకటి దింపించి
ఉర్దూలో రాసిన కాగితం నా చేతిలో పెట్టింది.
"ఈ అక్షరాలు నాకు రావమ్మా" అన్నా.
"అబ్బాకు మీవి వచ్చినాయా?" అంది.

కుడి నుంచి ఎడమకు.
చెయ్యి బండెద్దులాగా మొరాయించింది.
గుండు, గుండు మీద రెండు చుక్కలు,
నిలువు గీత. రంపం పండ్లు.
కొడవలి మాదిరి ఒకటి.
ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టుకుంటా
తెల్లారిందాకా లాంతరు ముందర
తొమ్మిదేండ్ల పిల్లోణ్నయి గీసినా.

ఖబరస్తాన్ వాకిట్లో ముసలాయన ఒకరు
కండ్లద్దాలు సర్దుకుని, వంగి,
"కాసిం... వలీ" అని చదివినాడు.

నేను గీసింది, నాకు రానిది,
ఇంకొకరి నోట్లో పేరయి లేచింది.
నా నోట్లోనుంచి, తెలియకుండానే,
"ఇంగోసారి చదవండయ్యా."

అది ఆ గడిలో పట్టదు.

పోయిన వానలకు రెండు చుక్కల్లో
ఒకటి పలచబడింది.
శుక్రవారం చిన్న డబ్బా తీసుకుని పోవాల.