సిగ్మా

బెర్గెన్‌లో వాన ఆగదు.
ఆగితే ఏమైందోనని కిటికీ తెరిచి చూస్తాం.

నలభై ఒక్క ఏళ్లు ఒక్క అక్షరంతో తగువు పడ్డాను.
అరచేతిలో పట్టే పపైరస్ తునక,
ఈజిప్టు ఇసుకలో పురుగులు తినగా మిగిలింది:
"నీకియా ఇంట కూడే సంఘానికి..."
ఆ పేరు చివర, వేరే సిరాతో, వేరే చేత్తో
ఇరికించిన సిగ్మా.
నీకియా నీకియాస్ అయింది. ఆమె ఆయనైంది.
ఇల్లు ఆయనదైంది,
బల్ల, రొట్టె, దీపంలో నూనె కూడా.

మొదటి సెమినార్‌లో హల్వర్సెన్ గారు
నోట్లో పైపు తీయకుండానే అన్నారు:
"కుటుంబం పరిశోధన కాదమ్మాయ్, ఇంటి సంగతి."
ఇంటి సంగతే చదివాను.
పాలదాదుల కూలి ఒప్పందాలు,
అరవై నిండలేదని విధవరాండ్ర పట్టీలో కొట్టేసిన పేర్లు,
పెళ్లి వద్దన్న కూతురికి తండ్రి రాసిన బతిమాలుకోలు,
యజమాని బాప్తిస్మంలో తనూ తడిసిన బానిసపిల్ల.
ఇష్టమేనా అని ఆ పిల్లని అడిగినట్టు
ఎక్కడా లేదు. వెతికాను.

నా పెళ్లి ఆరేళ్లు నిలిచింది.
దాని మీద ఎవరూ వ్యాసం రాయనక్కర్లేదు.

పోయిన నెల, గది ఖాళీ చేస్తుంటే,
వేరోయ్ దీవి నుంచి పాత చర్చి రిజిస్టర్ వచ్చింది.
నాన్న అక్కడ పాస్టరు.
ప్రతి పేజీ కింద ఆయన సంతకం
పడవ తెరచాప కొయ్యలా నిటారుగా.
పైన రాతలో మాత్రం
కిందికి దిగే ప్రతి అక్షరం తోకా
గాలపు ముల్లులా వంకర.
ఆ వంకర నాకు తెలుసు.
జామ్ సీసాల మీద, నా బడి డబ్బాలో చీటీల మీద...
అమ్మ. బోర్గ్‌హిల్డ్.
ఇరవై మూడేళ్ల పుట్టుకలు, పెళ్లిళ్లు, సముద్రంలో పోయినవాళ్లు,
అన్నీ అమ్మ చేతిలోంచే.

"చేతిరాత మారిన చోట ఆగండి" అని
ఎంతమందికి చెప్పానో!

నా పుట్టుక ఉన్న పేజీ తీశాను.
తండ్రి గడిలో నాన్న పేరు, పూర్తిగా, డిగ్రీతో సహా.
తల్లి గడిలో, అదే వంకర తోకతో:
పాస్టరు గారి భార్య.

ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు.
లేదా రాయించారేమో, సిరాలో కనబడదు.

రాత్రి ఆ తునక ఫోటో మళ్లీ దీపం కింద పెట్టాను.
సిగ్మా పెట్టినవాడు అని
మూడు పుస్తకాల్లో రాశాను,
ఒక్క పుట్‌నోట్ కూడా లేకుండా.
వాడు.