ఎర్రగడ్డకు మూడు స్టేషన్ల ముందు

పొయ్యి మీద పాలు మరిచినప్పుడల్లా
మా చిన్నత్త అనేది:
"నిన్ను ఎర్రగడ్డకు తోలాలె."
అందరూ నవ్వేటోళ్లు.
నేను కొంచెం ఎక్కువే నవ్వేదాన్ని.

నలభై ఒక్కేళ్లకు, అమీర్‌పేటలో
జిరాక్స్ షాపు పైన రెండో అంతస్తులో
డాక్టర్ నుజ్హత్ నా చిన్నప్పటి సంగతులడిగింది.
చెప్తూ చెప్తూ
ఆమె పేపర్‌వెయిట్‌లో బుడగలు లెక్కపెట్టిన.
పదమూడు.
అదీ రాసుకుంది.

మొదటి మాత్రకు ఆకలి చచ్చింది,
నిద్ర పోయింది.
మార్చి ఇచ్చింది కుదిరింది.
కుదరడమంటే మాయేం కాదు.
పక్కింటి టీవీ, ఫ్యాను కిర్రు, నిన్న ఎవరో అన్న మాట
అన్నీ ఉన్నయి,
రేషన్ షాపు ముందట లెక్క
ఒకదాని వెనక ఒకటి నిలబడ్డయి.

ఆ పొద్దు ఒక జాకెట్టు
హుక్కులతో సహా కుట్టి
మడత పెట్టి
కాసేపు ఒళ్లో పెట్టుకున్న.

మాత్రే మరిచిన రోజులూ ఉంటయి.
డబ్బాకు ఎర్రదారం కట్టిన.
దారం ఎందుకో గోడ మీద రాసిన.

చిన్నత్తకు ఫోన్ చేసిన:
"ఎర్రగడ్డ దాకా పోలేదత్తా,
మూడు స్టేషన్ల ముందే దిగిన."
అటు చాలాసేపు చప్పుడు లేదు.
"ఆగు బిడ్డా, పాలు పెట్టిన" అని పోయింది.

లైను అట్లనే ఉంది.
ఇంకా రాలే.