నాలుగడుగులు

మోరాగ్ గెడెస్ తన కొట్లో
రెండు పుటర్లూ గోడకి ఆనించి పెట్టింది.
ఒకటి నాదే. ఛారిటీ షాపులో నాలుగు పౌన్లకి కొన్న బ్లేడు,
తోటకూర కాడ తరిగే చాకంత పల్చన.
దాని పట్టు మీద
నా బొటనవేలు పద్నాలుగేళ్ళుగా తవ్విన గుంట.
రెండోది మ్యాలెట్,
అట్లకాడకీ ఇస్త్రీపెట్టెకీ పుట్టినట్టుంది.
వీపు మీద తెల్లగీత. రోడ్డు మధ్య గీతలాంటిదే,
అదొక్కటే నాకు అలవాటైన సంగతి.

మోనిఫీత్‌లో ఈ వేళప్పుడు గాలికి
జెండాకర్రలు వంగి వంగి దణ్ణాలు పెడుతుంటాయి.
ఆబర్డీన్ రైలు మైదానాన్ని రాసుకుంటూ పోతుంది.
నాలుగున్నరకి నా షిఫ్టు.
గంటలో తేల్చుకోవాలి.

"పైడీ, వేలు చాపు" అంది.
పైడితల్లి అన్న పేరు ఆమె నోట్లో సగమే పడుతుంది.
చూపుడువేలి మీద బ్లేడుని అడ్డంగా నిలిపింది.
దాని ముక్కు మెల్లగా నేలకి వాలింది,
అడిగినదానికి జవాబు తెలీని పిల్లలా.
మ్యాలెట్‌ని నిలిపింది.
అది మొహం పైకి పెట్టి పడుకుంది,
వేసవి రాత్రి డాబా మీద
ఏ దిగులూ లేనివాళ్ళు పడుకున్నట్టు.
"ఇది వంపుగా ఊగుతుంది. అది తిన్నగా వెళ్ళి తిన్నగా వస్తుంది.
నీ చెయ్యి ఎలా పోతుంది?"

నా చెయ్యా!
రెండంతస్తుల బస్సుని డండీ సందుల్లో తిప్పే చెయ్యి.
తల ఇటు తిరిగితే తోక అటు పోతుందని,
తిన్నగా పోయేది లోకంలో ఏదీ లేదని
దానికి తెలుసు.
ఆ చెయ్యే, పోయిన నెల నుంచి,
గుంటకి నాలుగడుగుల్లో నించుని ఊపిరి బిగబట్టేసరికి
గట్టున పడ్డ చేపలా ఒక్కసారి కొట్టుకుంటుంది.
బంతి గుంట అంచు నాకి పక్కకి పోతుంది.
డిపో మెకానిక్ డంకన్ రే ఏమీ అనడు.
అనకపోవడమే వాడు అనే మాట.
వరసగా ఐదు శనివారాలు టీ డబ్బులు నావే.

చిన్నప్పుడు గోళీలాటకి
మడమ తిప్పి మట్టిలో తీసిన గుంట,
పాతిన బొటనవేలు, విల్లులా వెనక్కి లాగిన నడిమివేలు.
నీ వేలు వంపా తిన్ననా అని
అప్పుడెవరడిగారు?
ఓడితే మోచేత్తో గోళీని దేకించాలి.
చర్మం లేచిపోయేది. లెక్క తీరిపోయేది.

నా పేచీ అక్కడే.
బ్లేడు మధ్యలో తగిలితే టిక్కుమంటుంది.
గోరంత పక్కన తగిలితే
మోచేతి ఎముక గోడకి కొట్టుకున్నట్టు జివ్వుమని
భుజం దాకా చెబుతుంది: ఇదీ నువ్వు చేసింది.
మ్యాలెట్ చెప్పదు.
ఎక్కడ తగిలినా ఒకటే దబ్బుమని
బంతిని సర్దుకుని తీసుకుపోతుంది.
"క్షమిస్తుంది" అంది మోరాగ్, అదే దాని పెద్ద గుణమన్నట్టు.
నన్నడక్కుండానే?

పది బంతులు బ్లేడుతో: నాలుగు.
పది మ్యాలెట్‌తో: ఎనిమిది.
మళ్ళీ బ్లేడు: మూడు.
ఎవరో కుక్కని బయట కట్టేసి వచ్చి
తుంపర దులుపుకుని చూస్తూ నించున్నారు.

డెబ్బైరెండు పౌన్లు.
పాతది ఇచ్చేస్తే పది తగ్గిస్తానంది.
తగ్గించొద్దన్నాను.

శనివారం పదకొండో గుంట దగ్గర మ్యాలెట్ వేసేసింది.
"వేశావే" అన్నాడు డంకన్.
నేను కాదు అనబోయి ఊరుకున్నాను.
టీ వాడే కొన్నాడు. చక్కెర ఎక్కువైంది.

ఆఖరి ట్రిప్పు దింపి ఇంటికొచ్చాక
వంటింటి నేల మీద స్టీలుగ్లాసుని పడుకోబెట్టి
బ్లేడు తీస్తాను.
నాలుగడుగులు.
గోరంత మడమ వైపు తగిలింది.
గ్లాసు మోగలేదు.
భుజానికి తెలిసింది.