కింది రెప్ప

ఔలులో డిసెంబరు.
పదిన్నరకి పొద్దు కిటికీలోంచి తొంగిచూసి
రెండింటికల్లా మొహం చాటేస్తుంది.
మా ఇంట్లో మాత్రం
గాజుపెట్టెలో పన్నెండు గంటల పగలు.
దీపం వేసేదీ నేనే, ఆర్పేదీ నేనే.
బస్సు డిపోలో ఇంజన్లు విప్పే తుయిరెని,
తొమ్మిదేళ్లుగా ఒక గడ్డం తొండకి సూర్యుణ్ణి.

రుసినా దాని పేరు. మా భాషలో ఎండుద్రాక్ష.
ఇంటికి తెచ్చినప్పుడు ఒళ్లంతా అవే ముడతలు.
తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు గానీ
ఇది ముదిరి ముసలిదయింది, అంతే.
కీళ్లలో బియ్యపు నూకల్లా ఉప్పు పేరుకుంది.
మూత్రపిండాలు రెండూ చేతులెత్తేశాయి.
ఒకప్పుడు అదీ చెయ్యెత్తేది,
ముందుకాలు గుండ్రంగా తిప్పి, గాజు వెనకనుంచి
ఎవరికో టాటా చెప్పినట్టు.
ఇప్పుడు ఎత్తదు.

డాక్టర్ హెన్రీకా చెప్పింది:
కేలండరు గోడకి కొట్టండి.
మంచిరోజుకి ఆకుపచ్చ, చెడ్డరోజుకి నలుపు.
నలుపులు ఎక్కువైతే ఫోను చేయండి.
ఏడేళ్ల వియెనో రంగుపెన్సిళ్లు తెచ్చింది.
మిడత తింటే పచ్చ.
గడ్డం నల్లబడిన రోజు
రంగు మేం వెతుక్కోనక్కర్లేదు.

పక్కింటి తౌనో మెట్ల దగ్గర ఆపాడు.
డబ్బు దండగ ఎందుకు? బాల్కనీ నిండా మంచేగా,
చెప్పులపెట్టెలో పెట్టి తలుపేసుకో.
చల్లటి రక్తం, హాయిగా నిద్రపోతుంది.
మంచివాడే. నా గుమ్మం ముందు మంచు కూడా ఎత్తిపోస్తాడు.

హెన్రీకాని అడిగితే ఫోనులో కాసేపు మాట రాలేదు.
నిద్ర కాదు తుయిరె, అంది.
ఒళ్లు గడ్డకడుతుంటే దానికి తెలుస్తూనే ఉంటుంది,
కదల్లేదు, అంతే.
మా దగ్గర ముందు మత్తు. ఆ తర్వాతే సూది.
గుండె ఆగినా నమ్మం. వీటి మెదడు
గుండె పోయాక కూడా చాలాసేపు మేలుకుని ఉంటుంది.

ఆ రాత్రి బాల్కనీ తలుపుకి గడియ పెట్టాను,
ఎవడో దొంగ లోపలికి వస్తాడన్నట్టు.
లేదా నేను బయటికి వెళతానన్నట్టు.

మంగళవారం మిడతని నోటిదాకా తీసుకెళ్లాను.
నాలుక అంటుకుంది, వదిలేసింది.
మిడత ఎగిరి దాని వీపు మీదే కూర్చుంది.
విదిలించుకోలేదు.
వియెనో స్కూల్లో ఉంది.
నేను పెన్సిలు తీసుకుని
మంగళవారానికి ఆకుపచ్చ పూశాను.
శ్రద్ధగా పూశాను, గడి దాటకుండా.

సాయంత్రం పిల్ల చూసి "తిందా?" అంది.
"ఊఁ" అన్నాను.
పెట్టెలోకి చూసింది, మిడతని చూసింది, నన్ను చూసింది.
ఏమీ అనకుండా
నల్లపెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

నోరులేని జీవాన్ని
కంటికి రెప్పలా చూసుకున్నాననుకున్నాను.
దాని రెప్ప కింద ఉంటుంది.
మనలా పైనుంచి వాలదు,
కిందనుంచి లేస్తుంది, గిన్నెలో నీళ్లు నిండినట్టు.
నెత్తిన ఇంకో కన్నుంది, చుక్కంత, రెప్ప లేనిది.
వెలుగుందా లేదా, అంతకుమించి దానికి పనిలేదు.
నేను చెయ్యి అడ్డం పెడితే రాత్రి, తీస్తే పగలు.
ఈసారి ఎందుకు పెడుతున్నానో
ఎలా చెప్పను?

గురువారం. మైనస్ ఇరవై నాలుగు.
స్వెట్టరు లోపల, చర్మానికి ఆనించి పెట్టుకున్నాను.
గోళ్లు పట్టు బిగించాయి. ఇంకా అంత బలముంది.
ఆ కాస్త బలమే
సందు మలుపులో నన్ను వెనక్కి తిప్పబోయింది.
ఎనిమిదో నంబరు బస్సు మా కౌకో తోలుతున్నాడు.
పొట్ట మీద నా చేతులు చూసి
టికెట్టు అడగలేదు. హీటరు పెంచాడు.

వంతెన దాటాక గుర్తొచ్చింది,
దీపం ఆర్పలేదు.
అడవిగాచిన వెన్నెల అంటారు.
అక్కడ ఇసుక మీద ఎండ కాస్తూనే ఉంది,
నడిమధ్యన ఆ మిడత కూర్చుని
ఒళ్లు కాచుకుంటోంది.