రాయి

చిక్కడపల్లి గల్లీలో, మెట్ల కింది ప్రెస్సులో
పద్దెనిమిదేళ్లుగా తప్పులు ఏరి బతుకుతున్నాను.
శుభలేఖల్లో జారిపోయిన ఒత్తులు,
కరపత్రాల్లో తలకట్టు ఊడిన అక్షరాలు
నా ఎర్ర పెన్నుని దాటి పోవు.

అలాంటివాణ్ణి, పొగరు కొద్దీ,
కూతురికి ఋత్విజ అని పెట్టుకున్నాను.
తొమ్మిదేళ్లొచ్చినా తన పేరు తను
బుతిజ అని రాస్తుంది.
ఒక్కోరోజు బుజతి.

ఒప్పుకుంటాను, ఓ వేసవి సాయంత్రం
కాపీ పుస్తకం ముందేసి
నూరుసార్లు ఋ రాయించాను.
నూరూ రాసింది. నూరూ నూరు రకాలు.
ముక్కు తుడుచుకుని, పేజీని కాస్త దూరంగా పట్టి
"నాన్నా, డెబ్భై మూడోది చూడు, తాబేలు" అంది.
నేను నవ్వలేదు.
ఆ నవ్వు ఇంకా బాకీ.

ఇంత మాట్లాడే పిల్ల
రాయమంటే కిటికీలోంచి చూస్తుందండీ,
ఒట్టి బద్ధకం, అంది టీచరమ్మ.
రాయి, రాయి అని ఆవిడ అరుస్తున్నప్పుడు
ఇది చూస్తున్నదీ రాయినే:
మల్కాజిగిరి వాటర్ ట్యాంకుల వెనకాల
ఎండలో మౌలాలి గుట్ట.

తార్నాకలో ఓ గదిలో మూడు పూటలు పరీక్షించి
చేతిలో ఒక కాగితం పెట్టారు.
ఒక గీత పైఅంచుని తాకుతోంది,
ఒకటి అడుగున పాకుతోంది.
రెండూ మీ అమ్మాయివే అన్నారు.
వాళ్లమ్మ పై గీత మీద వేలు పెట్టింది.
నేను, అలవాటు కొద్దీ, కింది దాని మీద.

ఆ ఆదివారం గుట్టెక్కాం.
ఇన్నేసి గుండ్లు ఒకదాని మీద ఒకటి
ఎవరు పేర్చారో, అన్నాను ఆయాసపడుతూ.
"ఎవ్వరూ పేర్చలేదు. అంతా ఒకటే రాయి, మట్టి లోపల.
పగుళ్లల్లకి నీళ్లు పోయినయ్.
మెత్తగైనదంతా కొట్టుకపోయింది.
పోనిది ఇది."
పుస్తకంలో చదివింది కాదు, చదవలేదు కదా.
ఎవరో చెప్తుంటే సగం విని
మిగతా సగం, చేతిలో ముద్ద ఎండిపోయేదాకా
మూడు నెలలు ఆలోచించింది.

నాలుగుసార్లు తిరిగాక
రాసిపెట్టే మనిషిని ఒప్పుకున్నారు బడిలో,
ఒక్క సైన్సు పరీక్షకి.
ఇంట్లో సాధన. అది చెప్తుంది, నేను రాస్తాను.

"రాయి ఉల్లిగడ్డ లెక్క పొట్టు విడుస్తది.
ఎవ్వరికీ కళ్లు మండవు."

నా పెన్ను ఆగింది.
విడుస్తుంది, అనాలి.
రెండో వాక్యం అనవసరం.
అసలు దీనికి శైథిల్యం అని చక్కని మాటుంది...

"నేను చెప్పింది రాయి."

రాశాను.
ఎన్ని వేల పేజీలు దిద్దినా
చెయ్యి ఇంత నొప్పి పుట్టలేదు.

చదివి వినిపించమంది.
రెండు లైన్లు దాటకముందే పట్టుకుంది:
"విడుస్తుంది అన్నవ్. నేను అట్ల అనలే."

కాగితం మీద సరిగ్గానే ఉంది.
తప్పు నా నోట్లో.
మళ్లీ మొదటి నుంచి చదివాను.