ముక్కులున్న గోడలు

ఏడున్నర పడవ.
ఫయాల్ రేవు నుంచి అరగంట సముద్రం.
ఎదురుగా పీకు దీవి కొండ, నడుముకు మబ్బు చుట్టుకుని
స్నానం సగంలో లేచొచ్చిన మనిషిలా.
టికెట్టు వెనక మా రోజంతా అచ్చేసి ఉంది:
పదింటికి తోటలు, పన్నెండింటికి గాలిమర,
ఒంటిగంటకి వైను రుచి, మూడు గ్లాసులు,
చీజు ముక్కలు ఉచితం.

వ్యాను నడిపే ఎవరిస్తు మాట పొదుపరి.
కిటికీలోంచి చెయ్యి చాపి "ఇదీ" అన్నాడంతే.
నల్లరాయి. మళ్ళీ నల్లరాయి.
మొల ఎత్తు గోడలు, గోడకు గోడ తగిలి గదులు,
గదికి నాలుగు మొక్కలో అయిదో,
కప్పుల్లేని ఊరొకటి సముద్రం దాకా.
మట్టేదీ అన్నాను.
పక్క దీవి నుంచి పడవల్లో మోసుకొచ్చారట పూర్వం.
నేనొచ్చిన దారినే వచ్చిందన్నమాట,
టికెట్టు లేకుండా.

అందని ద్రాక్ష పుల్లన అంటుంది నా భాష.
ఇక్కడ తీగ నేలబారున పాకుతుంది
లావా పగుల్లో వేళ్ళు దూర్చి,
రాతి వెచ్చదనానికి పొట్ట ఆనించి.
అందనిదేమీ లేదు.
వంగాలంతే.

పదకొండు దాటాక దారికడ్డంగా ఒక ఆడమనిషి.
తలకి గళ్ళ గుడ్డ, చేతులకి తొడుగుల్లేవు.
పేరు దెయొలిండా. వయసు డెబ్బై ఒకటి,
ఎవరూ అడక్కుండానే చెప్పింది.
మొన్నటి ఈదురుగాలికి పడమటి గోడ పన్నెండడుగులు కూలింది.
కోతకింకా ఎనిమిది రోజులు.
ఈ రాత్రి సముద్రం లోపలికి ఊదితే
ఆకులు అప్పడాల్లా మాడిపోతాయి.
ఎవరిస్తు ఇంజను ఆపేశాడు.
మమ్మల్ని అడగలేదు.

వరసగా నిలబడ్డాం:
పోర్తో నుంచొచ్చిన పళ్ళ డాక్టరు, ఆయన అత్తగారు,
పొద్దుట్నుంచీ మాటల్లేని ఒక కొత్త జంట,
నేను.
రాయి చేతి నుంచి చేతికి.
దూరానికి బొగ్గు, పట్టుకుంటే జల్లెడ,
నిప్పు ఊపిరి వదిలిన చోటల్లా ఒక బొక్క.
"చూసుకో, అంచు కోస్తుంది" అంది పెళ్ళికూతురు.
ఆ రోజుకి అదే వాళ్ళ మొదటి మాట.

నేను బుద్ధిమంతుణ్ణి కదా,
సందు కనపడ్డ చోటల్లా చిన్న రాళ్ళేరి కూరాను.
దెయొలిండా వచ్చి ఒక్కొక్కటే పీకి పారేసింది.
తిట్టిందేమో, నాకు పోర్చుగీసు రాదు.
డాక్టరు తిట్లు వడగట్టి చెప్పాడు:
గాలిని ఆపకూడదట, అలిసిపోనివ్వాలట.
ఆపితే గోడనే తోస్తుంది.
దారిస్తే సగమే లోపలికొస్తుంది,
మిగతా సగం రాళ్ళలో తప్పిపోతుంది.
గోడలకు చెవులుంటాయనే విన్నానిన్నాళ్ళూ.
వీటికి ముక్కులున్నాయి.

గాలిమర చూడలేదు.
మూడు గ్లాసుల గదికి తాళం, ముచ్చటైన బోర్డు.
దెయొలిండా గోడ నీడలోంచి ఒక నీళ్ళ సీసా తీసింది,
ప్లాస్టిక్‌ది, కాగితం సగం చిరిగింది,
లోపల పోయినేటి వైను, ఎండుగడ్డి రంగులో.
గ్లాసొక్కటే.
అత్తగారు అంచు తుడుచుకుని తాగింది,
రెండోసారి తుడవలేదు.
ముందు నిమ్మతొక్క, వెనక కాస్త పొగ,
ఆఖర్న నాలిక పక్కల ఉప్పు.
ఉప్పెక్కడిదంటే
దెయొలిండా సముద్రం వైపు గడ్డం ఎత్తింది.
"నీ చెమటేమో కూడా" అన్నాడు ఎవరిస్తు,
ఆ రోజంతటికీ ఆయన పొడుగాటి వాక్యం.

తిరిగొస్తుంటే ఒడ్డున ఒక రాతి వాలు,
పీపాల్ని పడవల్లోకి దొర్లించింది దీని మీదేనట.
ఎడ్లబండ్లు తిరిగీ తిరిగీ లావాలో రెండు గాళ్ళు.
ఒక గాడిలో వాననీళ్ళు నిలిచి ఉంటే
పేరు తెలీని పిట్టొకటి తాగుతోంది.
ఎవరూ ఫోటో తియ్యలేదు,
అందరి చేతులూ గీసుకుపోయి ఉన్నాయి.

ఆరుంపావు పడవ.
చూపుడువేలి కణుపు మీద సన్నటి కోత
తుంపర తగిలినప్పుడల్లా చురుక్కుమంటోంది.
కొత్త జంట ఒకే బల్ల మీద కూర్చున్నారు,
మధ్య జానెడు సందు వదిలి.
గాలి అందులోంచి వెళ్ళింది.