రెండుకీ మూడుకీ మధ్య

అనుమతి పత్రంలో
"బహుళ పాఠ్యాంశ సమన్వయ పర్యటన" అని రాశాను.
ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివి
కళ్లద్దాలు తీసి,
"కుస్తీలకా, టీచర్?" అన్నారు.
అవును సార్, కుస్తీలకే.

అబ్బాసియా నుంచి హవల్లీకి బస్సు.
బయట గుబార్, ముందు కారు కనపడనంత దుమ్ము.
టికెట్టు రెండు దినార్ల ఏడొందల యాభై ఫిల్సులు,
మేము ముప్పై ఎనిమిది మందిమి.
దశాంశ బిందువు తర్వాత మూడంకెలుండే దేశంలో
నా ఎనిమిదో తరగతికి ఏసీ బస్సులోనే చెమటలు.
అద్దం మీద వేలితో లెక్కవేసి
"నూటనాలుగున్నర" అంది నిస్సీ, ఆవులిస్తూ.

ఒక్కొక్కరి చేతిలో ఒక ప్రశ్నల కాగితం.
రింగు ఒక పక్క పద్దెనిమిది అడుగులు, మూల నుంచి మూలకి ఎంత?
చెవిన పడిన ధ్వన్యనుకరణ పదాలు పది
(తెలుగు మేడమ్ పట్టుబట్టి పెట్టించింది).
పోస్టరు మీద లేని పనివాళ్లు ఎవరెవరు?

దీపాలారాయి.
పచ్చ ముసుగులో సముద్రపు డేగ వచ్చాడు.
వాడి వెనకాలే మట్టిరంగు ముసుగులో,
తిట్లు తినడానికే పుట్టినట్టు చేతులు చాపుకుంటూ
ఇంకొకడు. వాడి పేరూ గుబారే.
అయిదు భాషల్లో ఛీకొట్టింది హాలు.
మావాళ్లది ఆరోది.

ఫటేల్. ధబీ. దభాలు. ధన్.
తెలుగు ప్రశ్న అయిదు నిమిషాల్లో నిండిపోయి
మార్జిన్లోకి పొర్లింది.

మస్తాన్ వలీ నా మోచేయి తట్టాడు.
"టీచర్, చూడండి.
గుద్దు చేతిది, చప్పుడు కాలిది."
నిజమే. పిడికిలి గాలిలో ఆగిన క్షణానికే
మడమ చెక్కను తంతోంది.
"అయితే అంతా దొంగాటేనా?"

నాకు రాయచోటి వీధినాటకం గుర్తొచ్చింది.
తెల్లారుజామున తొడ విరిగి చచ్చిపోయినాయన
తెర వెనక బీడీ ముట్టించుకుంటూ
"ఏడ్చినావా పాపా?" అని అడిగినాడు.
ఏడ్చినా.
ఆ ఏడుపు మాత్రం దొంగది కాదు.
ఇదంతా వీడికి చెప్పే టైమెక్కడ,
"రాసుకో" అన్నాను.

డేగ వెల్లకిలా పడ్డాడు. మీద గుబార్.
రిఫరీ అరచెయ్యి నేలను కొట్టింది.
ఒకటి.
రెండు.
ఆ చెయ్యి మళ్లీ లేచి
దిగుతూ, దిగుతూ, ఇంకా దిగుతూనే ఉంది.
నాలుగు వేల మంది ఊపిరి లోపలే ఆగింది.
భుజం లేచింది.
నేను కుర్చీలో లేను, కుర్చీ మీద ఉన్నాను.

ఆట అయ్యాక టేపు పట్టుకుని రింగు కొలవడానికి వెళితే
అప్పటికే సగం విప్పేశారు.
ఇనుప దూలాలు, చెక్కలు,
రొట్టె కన్నా కాస్త మందంగా స్పాంజి.
నీలం కవరాల్ వేసుకున్న ఒకాయన
పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని పడడం నేర్పుతున్నాడు.
"గడ్డం ఛాతీకి ఆనించు. చేతులు రెండూ బారజాపు.
గాలి బయటికి వదిలెయ్.
దెబ్బను ఒకచోట నిలవనీయకూడదు నాయనా,
ఒళ్లంతా పంచెయ్యాల."
పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం.
ఆర్నెల్లుగా నేను బోర్డు మీద చెబుతున్నది.
"ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాను.
ఎడమ మోకాలు రుద్దుకుని నవ్వాడు.
"వీళ్లను చూసే మేడం.
నేను పరంజా మీంచి పడిన నాటికి
నాకెవరూ చెప్పింటే కదా."

మూడో ప్రశ్నకు జవాబు
మస్తాన్ వెళ్లేటప్పుడు బస్సులోనే రాసేశాడట.
మా నాయన, అని. కింద గీత గీసి మరీ.

ఆదివారం స్లిప్ టెస్టు.
రెండుకీ మూడుకీ మధ్య ఎన్ని సంఖ్యలుంటాయి?
ఏడాదంతా "ఏమీ లేవు" అని రాసే ఫయాజ్
ఈసారి ఇలా రాశాడు:
"చాలా. భుజం లేపుకునేటన్ని."
సరైన మాట అనంతం.
ఒక మార్కు ప్రశ్న అది, అర వేశాను.
స్టాఫ్ రూమ్ తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి
ఇంకో పావు.
రాత్రి అన్నం దగ్గర గుర్తొచ్చి, ఇంకో అరపావు.
ఇంకా ఒకటికి చేరలేదు.